పొలంలో నిలిచిపోయిన పడవ

మన పల్లెల్లో ఏ ఊరికి వెళ్ళినా ఒక దృశ్యం కనిపిస్తుంది. ఊరి చివర చింతచెట్టు క్రింద చక్రాలు ఊడిన ట్రాక్టరో, టైర్లు లేని పాత జీపో పడి ఉంటుంది. దానిలో కోళ్ళు గుడ్లు పెడతాయి. పిల్లలు స్టీరింగు పట్టుకొని ఆడుకొంటారు. అది మళ్ళీ కదులుతుందని ఎవరూ అనుకోరు. అటువంటి దానినొకదానిని బాగుచేయబోయి తానే బాగుపడిన ఒక మనిషి సంగతి ఈ నెల మా పాఠకులకు చెప్పదలచాము. అయితే అతనికి దొరికినది ట్రాక్టరు కాదు, పడవ. అదీ నీటిలో కాదు, పొలంలో!

అతని పేరు జాషువా స్లోకమ్. 1844లో కెనడాలోని నోవా స్కోషియా ప్రాంతంలో జన్మించాడు. తండ్రి బూట్లు కుట్టి కుటుంబాన్ని పోషించేవాడు. మెథడిస్టు సంఘంలో డీకను, చాలా కఠినుడు. పదేళ్ళ వయస్సులోనే బడి మాన్పించి కొడుకును బూట్ల పనిలో కూర్చోబెట్టాడు. పిల్లవాని మనస్సు మాత్రం సముద్రం మీదనే ఉండేది. పన్నెండేళ్ళప్పుడు అతడు రహస్యంగా చేసుకొంటున్న చిన్న ఓడబొమ్మను తండ్రి చూచి విరుగగొట్టాడట. ఈ సంగతి చదివినప్పుడు మాలో కొందరికి తాము లాక్కొని విసిరేసిన గాలిపటాలు జ్ఞాపకం వచ్చాయి. పద్నాలుగేళ్ళకు ఆ పిల్లవాడు ఇల్లు విడిచి చేపల పడవలో వంటవాడుగా చేరాడు. 1860లో తల్లి మరణించిన తరువాత సముద్రమే అతనికి ఇల్లయింది.

కూలి నావికుడుగా మొదలుపెట్టి పాతికేళ్ళ ప్రాయానికి కెప్టెన్ అయ్యాడు. 1871లో ఆస్ట్రేలియాలోని సిడ్నీ నగరంలో వర్జీనియా వాకర్ అనే యువతిని వివాహమాడాడు. ఆమె పుట్టింట్లో కూర్చోలేదు, భర్తతోపాటు ఓడ ఎక్కింది. పిల్లలు ఓడలపైనే పుట్టారు, ఓడలపైనే ఆమె దగ్గర అక్షరాలు నేర్చుకొన్నారు. పుట్టిన ఏడుగురిలో నలుగురే మిగిలారు. అయినా అవే ఆ కుటుంబానికి మంచి రోజులు.

1884 జూలైలో, దక్షిణ అమెరికాలోని బ్వేనోస్ ఐరెస్ దగ్గర లంగరు వేసియున్న ‘అక్విడ్‌నెక్’ అనే సొంత ఓడలో వర్జీనియా కన్నుమూసింది. ఆమెకు ముప్పై అయిదేళ్ళు కూడా నిండలేదు. తల్లి పోయిన తరువాత తమ తండ్రి చుక్కాని విరిగిన ఓడవలె అయిపోయాడని కుమారులలో ఒకడు తరువాతి కాలంలో చెప్పుకొన్నాడు. అక్కడినుండి దెబ్బమీద దెబ్బ. 1886లో హెట్టీ అనే బంధువుల అమ్మాయిని పెండ్లి చేసుకొని మళ్ళీ ప్రయాణమయ్యాడు. ఓడలో మశూచి సోకి నావికులు చనిపోయారు. ఓడలో తిరుగుబాటు జరిగింది. తనను కాపాడుకోవడానికి అతడు కాల్చిన కాల్పుల్లో ఒకడు మరణించాడు. విచారణ జరిపి అతనిని నిర్దోషిగా విడిచిపెట్టారు. 1887 చివరలో బ్రెజిల్ తీరాన అక్విడ్‌నెక్ ఇసుకమేటకు తగులుకొని నాశనమైంది. దానికి భీమా లేదు. ఉన్న ఆస్తి అంతా అదే.

భార్యతో, ఇద్దరు కుమారులతో పరాయి తీరాన మిగిలిన అతడు అక్కడే దొరికిన కలపతో 35 అడుగుల పడవ ఒకటి చేశాడు. తెరచాపలు హెట్టీ కుట్టింది. బ్రెజిల్‌లో బానిసలకు విడుదల ప్రకటించిన 1888 మే 13ననే ఆ పడవను నీటిలోకి దించారు గనుక దానికి ‘లిబర్‌దాదే’, అనగా స్వాతంత్ర్యము అని పేరు పెట్టారు. 5,500 మైళ్ళు ప్రయాణించి క్షేమంగా అమెరికా చేరారు. ఆ తరువాత హెట్టీ మాత్రం అతనితో మళ్ళీ సముద్ర ప్రయాణం చేయలేదు. ఆమెను ఎవరు తప్పుపట్టగలరు?

అమెరికా చేరాడు సరే, తినడానికేదీ? అప్పటికి ఆవిరి ఓడల రోజులు వచ్చేశాయి. తెరచాప ఓడల స్తంభాలు తీసివేసి వాటిని బొగ్గు మోసే బల్లకట్లుగా మారుస్తున్నారు. ఉన్న కాసిని ఓడలు ఉన్న కెప్టెన్లకే చాలలేదు. ఓడల కార్ఖానాలో వడ్రంగిగా చేరుదామంటే, ముందుగా అక్కడి సంఘానికి యాభై డాలర్లు చెల్లించాలన్నారు. ప్రపంచమంతా తిరిగిన కెప్టెన్ నలభై ఎనిమిదేళ్ళ వయస్సులో బోస్టన్ రేవులో పని కోసం నిలబడ్డాడు. కుటుంబం బంధువుల ఇండ్లలో తలదాచుకొంది.

1892 చలికాలంలో ఎబెన్ పియర్స్ అనే పాత పరిచయస్థుడు ఎదురుపడ్డాడు. తిమింగలాల వేటలో పేరు, డబ్బు సంపాదించిన కెప్టెన్ ఆయన. ఫేర్‌హేవెన్ వస్తే నీకొక ఓడ ఇస్తాను, కాకపోతే కొంచెం మరమ్మతు కావాలి అన్నాడు. స్లోకమ్ సంతోషంగా మరుసటి రోజే వెళ్ళాడు. వెళ్ళి చూస్తే ఉప్పునీటికి దూరంగా ఒక పొలంలో, ఊతకర్రల మీద, కాన్వాసు గుడ్డ కప్పుకొని ఒక ముసలి పడవ ఉంది. పేరు ‘స్ప్రే’, అంటే నీటి తుంపర. ఒకప్పుడు ఆల్చిప్పలు పట్టే పడవ. ఏడేళ్ళుగా అట్లాగే నిలిచి ఉంది. పియర్స్ గారు పరిహాసమాడారన్నమాట.

మనమైతే ఏమి చేసి ఉండేవారము? మాలో చాలామంది అవమానంతో తిరుగు దారి పట్టేవారము. పని చేసేవాడు రావడం చూచి ఊరివారు మూగారు. పడవను విరుగగొట్టి కట్టెలుగా అమ్ముతాడనుకొన్నారు. కాదు, తిరిగి కడతానని అతడు చెబితే నోళ్ళు వెళ్ళబెట్టారు. గిట్టుబాటవుతుందా అని అడిగారు. ఆ ప్రశ్న ఏడాదికి పైగా అతనిని వెంటాడింది. గిట్టేటట్లు నేనే చేస్తాను అన్నదే అతని జవాబు.

మొదట గొడ్డలి పట్టి దగ్గరలోని ఓక్ చెట్టు నొకదానిని నరికాడు. మన బైబిలులో సింధూర వృక్షమని చదువుకొనేది ఇదే. అది పడవకు అడుగు దూలమయింది. ఒక రైతు కొద్దిపాటి డబ్బు పుచ్చుకొని దానిని, తక్కిన కలపను తోలిపెట్టాడు. పడవకు ప్రక్కటెముకలవలె ఉండే వంపు కర్రలు కావాలి గదా! లేత ఓక్ మానులను కోసి, పెట్టెలో పెట్టి, కుండలో కాచిన నీటి ఆవిరి పట్టించి, మెత్తబడగానే దుంగమీద వంచి బిగించేవాడు. బిగిసి ఆరిన తరువాత ఆ వంపు పోదు. బండి చక్రం చేసే వడ్రంగులు ఉన్న ఇండ్లలో ఈ ఓపిక ఎటువంటిదో మేము వేరుగా చెప్పనక్కరలేదు.

ప్రతిరోజు సాయంకాలానికి చేసిన పనికి గుర్తుగా ఏదో ఒకటి కంటికి కనిపించేదని స్లోకమ్ వ్రాశాడు. ఎనిమిదేళ్ళుగా ప్రతి సాయంకాలం చేతిలోనుండి ఏదో ఒకటి జారిపోవడమే చూచిన మనిషికి ఇది చిన్న సంగతి కాదు. ఊరి ముసలి తిమింగలాల కెప్టెన్లు ఒక్కొక్కరుగా కబుర్లకు వచ్చారు. మొదట నవ్వినవారే తరువాత కర్ర తట్టి చూచి మెచ్చుకొన్నారు. ముందు కొమ్ముకు అతడు వేసిన ఓక్ మాను మంచును కూడా బద్దలు చేయగలదన్నారు. వసంతం వచ్చింది, చుట్టూ పండ్లచెట్లు పూచాయి. పాత పడవ ప్రక్కనే కొత్త పడవ లేచింది.

ఒక పాత పలక తీసి అక్కడ కొత్తది వేస్తూ పోయాడు. ఒకటిన్నర అంగుళాల మందం గల జార్జియా పైన్ పలకలు బిగించాడు. సుమారు 1,000 మరబోల్టులు పట్టాయి. సందుల్లో దూది, దాని మీద నారపీచు కూరాడు. పోనుపోను పాతదేమీ మిగలలేదు. మరి అది పాత స్ప్రేయేనా? ముక్క ముక్కగా అంతా మార్చినా ఓడ పాత ఓడయే అని, ఓడల నమోదు చేసే లాయిడ్స్ వారి నియమాన్ని చూపి అతడు సమాధానం చెప్పాడు. సామాగ్రికి అయిన ఖర్చు 553 డాలర్ల 62 సెంట్లు. పట్టిన కాలం పదమూడు నెలల శ్రమ. మధ్యలో రేవులోని తిమింగలాల ఓడల మీద కూలిపని దొరికితే చేసి వచ్చేవాడు. పూర్తయిన పడవ పొడవు 36 అడుగుల 9 అంగుళాలు, వెడల్పు 14 అడుగుల 2 అంగుళాలు. ఒడ్డున దేవదారు గుంజ ఒకటి పాతి, పడవను నీటిలోకి దించి దానికి కట్టాడు.

ఇక కష్టాలు తీరాయనుకొంటున్నారేమో! ఆ పడవతో ఒక కాలమంతా చేపలు పట్టి చూచాడు. గాలానికి ఎర గుచ్చే నేర్పు కూడా తనకు లేదని తేలింది. అప్పుడు, ఎవరూ చేయని పని చేద్దామని బయలుదేరాడు. 1895 ఏప్రిల్ 24న, యాభై ఒకటవ ఏట, బోస్టన్ రేవునుండి ఒంటరిగా భూగోళం చుట్టి రావడానికి తెరచాప ఎత్తాడు. కాలం సరిగా చూపే ఓడ గడియారాన్ని బాగుచేయించాలంటే పదిహేను డాలర్లు అడిగారు. అందుకని అద్దం పగిలిన రేకు గడియారం ఒకటి బేరమాడి డాలరుకు కొన్నాడు. తరువాత దాని నిమిషాల ముల్లు ఊడిపోతే నీళ్ళలో ఉడకబెట్టి మరీ నడిపించుకొన్నాడు!

జిబ్రాల్టర్ వరకు వెళ్ళి, సముద్రపు దొంగల భయంచేత తిరిగి అట్లాంటిక్ దాటాడు. దక్షిణ అమెరికా కొనన ఉన్న మెగెల్లన్ జలసంధి దాటేటప్పుడు, రాత్రివేళ పడవ ఎక్కబోయే దోపిడీదారుల కోసం పైతట్టు మీద మేకులు చల్లి పడుకొన్నాడు. తాను కట్టిన పడవ ఎంత తూకంగా ఉందంటే, ఆస్ట్రేలియా ఉత్తరపు కొసన ఉన్న థర్స్‌డే దీవి నుండి హిందూ మహాసముద్రంలోని కీలింగ్ దీవులవరకు 2,700 మైళ్ళు, 23 దినాల ప్రయాణంలో మూడు గంటలకంటె ఎక్కువ చుక్కాని పట్టలేదు. చక్రం కట్టివేస్తే స్ప్రే తన దారిన తాను పోయేది. ఆ దీవులవద్దనే ముందు కొమ్ములోని ఓక్ మాను ఒక పగడపు దిబ్బను రెండుగా చీల్చింది, దానికి గీత పడలేదు.

ఇందులో మాకు మింగుడుపడని సంగతీ ఉంది. మూడేళ్ళకు పైగా హెట్టీ, పిల్లలు అతడు లేకుండానే బ్రతికారు. తరువాతి జీవితమూ మచ్చలేనిది కాదు. 1906లో ఒక నేరారోపణ మీద 42 దినాలు చెరసాలలో ఉన్నాడు. ఈతరాని ఆ నావికుడు చివరకు అదే స్ప్రేలో ఒంటరిగా వెళ్ళి తిరిగి రాలేదు. 1909 నవంబరు 14న మరణించినట్లు 1924లో న్యాయస్థానం ప్రకటించింది.

కాని 1898 జూన్ 27న అతడు తిరిగి వచ్చాడు. 46,000 మైళ్ళు తిరిగి న్యూపోర్టు రేవులో లంగరు వేశాడు. ఒంటరిగా భూమిని చుట్టి వచ్చిన మొదటి నావికుడు అతడే. అయితే అతనికి అక్కడ నిలువబుద్ధి కాలేదు. జూలై 3న గాలి అనుకూలించగా స్ప్రేను ఫేర్‌హేవెన్‌కు నడిపించి, ఏటిలో పైకి తీసుకొని వెళ్ళి, మొదట నీటిలోకి దించిననాడు తాను ఒడ్డున పాతిన దేవదారు గుంజకే మళ్ళీ కట్టివేశాడు.