రక్తం చూస్తే మూర్ఛ: వంశం నుండి వచ్చే భయం

“మా నాన్నగారిదీ ఇదే వరుస. ఇప్పుడు పిల్లవాడు కూడా సూది చూస్తే కళ్లు తిరిగి పడిపోతున్నాడు” అని తల్లులు వాపోతుంటారు. ఇంటిల్లిపాదీ దీనిని పిరికితనమని ఎగతాళి చేయడం కద్దు. కాని ఈ భయంతో రక్తపరీక్షలు మానుకునేవారు, మధుమేహం ముదిరినా ఇన్సులిన్ వద్దనేవారు ఉన్నారు. కనుక దీనిని తేలికగా తీసుకోరాదు.

చరకసంహిత విమానస్థానం 8వ అధ్యాయం మనోబలాన్ని ప్రవర, మధ్యమ, అవర సత్త్వాలని మూడు విధాలుగా విభజించింది. అవరసత్త్వులు దేహదార్ఢ్యం ఉన్నప్పటికీ స్వల్పవేదనను సహించలేరు; రక్తమాంసాలను చూచినంతనే ముఖం పాలిపోయి మూర్ఛిల్లుతారు. మానవ ప్రకృతికి శుక్రశోణితాలు ఒక కారణమని కూడా ఆ అధ్యాయమే చెబుతున్నది.

ఆధునిక శాస్త్రం ఇదే విషయాన్ని కవలల ద్వారా పరిశీలించింది. అట్టి అధ్యయనాలను 2001లో క్రోడీకరించగా, ఆందోళన రుగ్మతల విషయంలో మనుషుల మధ్య కనిపించే భేదాలలో సుమారు 30 నుండి 40 శాతం జన్యువుల వల్ల కలిగేవని తేలింది. ఇందుకు కారణం ఏదో ఒక్క జన్యువు కాదు. అనేక జన్యువులు తలా కొంత కారణమవుతాయి. తక్కినది జీవితానుభవం. అనగా వంశం నుండి సంక్రమించేది స్వభావమే గాని వ్యాధి కాదు.

ఇతర భయాలలో గుండె వేగం, రక్తపోటు పెరుగుతాయి. రక్తభయంలో మాత్రం తొలుత పెరిగినా, వెంటనే రెండూ పడిపోతాయి. మెదడుకు రక్తం చాలక మూర్ఛ వస్తుంది. కనుక “ఒళ్లు వదులు చెయ్యి” అనే సలహా ఇక్కడ పనికిరాదు. 1980లలో స్వీడన్ మనస్తత్వవేత్త లార్స్ గోరాన్ ఓస్ట్ ఇందుకు భిన్నమైన పద్ధతిని రూపొందించారు.

కూర్చుని చేతులు, కాళ్లు, మొండెం కండరాలను 10 నుండి 15 సెకన్లు బిగించాలి. ముఖం వెచ్చబడగానే మామూలు స్థితికి రావాలి. అర నిమిషం ఆగి మళ్లీ బిగించాలి. ఇలా 5 సార్లు చేయాలి. ఇది అలవడిన పిదప బొమ్మలో రక్తాన్ని, తరువాత సూదిని, చివరకు పరీక్షాశాలను క్రమంగా చూపాలి. అధిక రక్తపోటు, హృద్రోగం ఉన్నవారు, గర్భిణులు వైద్యుని అడిగి చేయాలి. కారణం లేకుండా మూర్ఛ వస్తే తప్పక పరీక్ష చేయించాలి.

అవరసత్త్వులకు ఇతరులు ధైర్యం కూర్చడం దుస్సాధ్యమని చరకుల అభిప్రాయం. ఈ ఒక్క భయం విషయంలో నేటి అనుభవం అంతకంటె ఆశాజనకంగా ఉంది. పిల్లవానికి “నీది తాత పోలిక” అని చెప్పండి. “ఇక మారవు” అని మాత్రం అనకండి.