చుక్కలు లెక్కపెట్టి కారు కొంటున్నారా?

షోరూమ్‌కు వెళ్తే ఒకప్పుడు మొదటి ప్రశ్న 'మైలేజీ ఎంతిస్తుంది?'. ఇప్పుడు దాని వెనకే ఇంకోటి వస్తోంది... 'ఎన్ని స్టార్లు?' అని. ఐదు అనగానే ఇంటిల్లిపాదికీ ధీమా. ఇంతకీ ఆ చుక్కలు ఏం చూసి ఇస్తారు?

ఇంకేం చూస్తారు... కొత్త కారును గుద్ది చూస్తారు!

2023 అక్టోబరు 1న మనదేశంలో 'భారత్ ఎన్‌క్యాప్' మొదలైంది. ఈ పద్ధతిలో కారును గంటకు 64 కిలోమీటర్ల వేగంతో ఓ దిమ్మెకు ఢీకొట్టిస్తారు. దిమ్మె ముందు తేనెపట్టులాంటి అల్యూమినియం గడులుంటాయి. కారు ముందుభాగమంతా కాదు, డ్రైవరు వైపు 40 శాతమే దానికి తగులుతుంది. ఎదురెదురుగా వస్తున్న రెండు కార్లు ఆఖరి క్షణంలో తప్పుకోబోయి గుద్దుకుంటాయే, అలాగన్నమాట. మరో పరీక్షలో ఓ బండి గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వచ్చి పక్కనుంచి కొడుతుంది. మూడు స్టార్లు, ఆపైన కావాలంటే పక్కవాటుగా స్తంభాన్ని గుద్దే పరీక్ష కూడా గట్టెక్కాలి.

లోపల మనుషులకు బదులు బొమ్మలుంటాయి. వాటి తల, మెడ, ఛాతీ, కాళ్లలో సెన్సర్లు. ఛాతీ ఎంత నొక్కుకుపోయింది, మెడ మీద ఎంత బలం పడింది... అన్నీ లెక్కగట్టి మార్కులేస్తారు. ఎదురు దెబ్బకు 16, పక్క దెబ్బకు 16. ఈ 32లో కనీసం 27 వస్తేనే పెద్దల భద్రతకు ఐదు స్టార్లు.

తలుపు మీద వేళ్లతో కొట్టి 'రేకు మందంగానే ఉంది' అని మురిసిపోయేవాళ్లు ఇంకా ఉన్నారు. నిజానికి బానెట్ నుజ్జయిపోవాలి. దెబ్బలోని బలాన్ని అది మింగేయాలి. మనుషులు కూర్చునే గది మాత్రం చెక్కుచెదరకూడదు. 2014లో గ్లోబల్ ఎన్‌క్యాప్ మన మార్కెట్లోని ఐదు చిన్నకార్లను పరీక్షిస్తే, ఎయిర్‌బ్యాగుల్లేని మోడళ్లన్నిటికీ సున్నా చుక్కలే! వాటిలో ఫోక్స్‌వ్యాగన్ పోలో గది నిలబడింది కాబట్టి, ఎయిర్‌బ్యాగులు పెట్టగానే నాలుగు స్టార్లకు ఎగబాకింది. ఆల్టో, నానో, ఐ10లలో గదే కుంగిపోయింది. అలాంటిచోట ఎయిర్‌బ్యాగు పెట్టినా ఒరిగేది తక్కువే.

పిల్లల సంగతి వేరు. వాళ్లకు స్టార్లు విడిగా ఇస్తారు. ప్రకటనల్లో పెద్దక్షరాల్లో కనిపించేది ఏ లెక్కో చూసుకోవాలి. టాటా నెక్సాన్‌కు 2018లో పెద్దల విభాగంలో ఐదు వస్తే, పిల్లల విభాగంలో వచ్చినవి మూడే. భారత్ ఎన్‌క్యాప్‌లో పిల్లలకు 49 మార్కులు, ఐదు స్టార్లకు 41 రావాలి. అయితే పరీక్షలో ఆ పసిబొమ్మల్ని కూర్చోబెట్టేది వెనకసీట్లో బిగించిన చైల్డ్ సీట్లలో. మనమేమో బుజ్జిగాణ్ని ముందుసీట్లో అమ్మ ఒళ్లో కూర్చోబెడతాం! అలాంటి ప్రయాణానికి ఏ ల్యాబూ చుక్కలివ్వలేదు. తెరుచుకునే ఎయిర్‌బ్యాగే ఆ చిన్నతలకు ప్రమాదం.

పెద్ద బొమ్మలూ అంతే, బెల్టు పెట్టుకునే పరీక్ష రాస్తాయి. 2022 సెప్టెంబరులో పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ కన్నుమూసిన ప్రమాదంలో కారు ఖరీదైనదే. వెనకసీట్లో ఉన్న ఆయన బెల్టు పెట్టుకోలేదని పోలీసులు చెప్పారు.

ఇంకో మెలిక ఉంది. దిమ్మె పరీక్ష దాదాపు అంతే బరువున్న కారును ఢీకొన్నట్టు. కాబట్టి ఐదు స్టార్ల చిన్నకారు, ఐదు స్టార్ల ఎస్‌యూవీ ఒకదాన్నొకటి గుద్దుకుంటే రెండూ సమానం కావు. ఇక మన హైవేల మీద రాత్రిపూట లైట్లు లేకుండా ఆపిన లారీలున్నాయే... కారు దాని కిందికి దూరిపోతే బానెట్‌కు నలిగే అవకాశమే ఉండదు. దెబ్బ నేరుగా అద్దం మీద పడుతుంది. ఆ పరీక్ష ఈ చుక్కల లెక్కలో లేదు.

భారత్ ఎన్‌క్యాప్ తప్పనిసరి కాదు, కంపెనీలే ముందుకు రావాలి. తొలి ఫలితాలు 2023 డిసెంబరులో వచ్చాయి. హ్యారియర్, సఫారీ రెండూ ఐదు తెచ్చుకున్నాయి. పరీక్ష పూర్తయిన మోడళ్లకు క్యూఆర్ కోడ్ ఉన్న స్టిక్కర్ ఇస్తున్నారు. ఫోనుతో స్కాన్ చేస్తే పూర్తి ఫలితాలు తెలుస్తాయి. డ్రైవరు ఛాతీకి ఎన్ని మార్కులొచ్చాయో, పక్కసీటు వాళ్లకెన్నో విడివిడిగా చూసుకోవచ్చు. అడ్వాన్సు కట్టకముందే!