ముఖానికి చేసిన కెమెరా సరుకుకు పనికొస్తుందా?

‘కంటెంట్ క్రియేటర్ల కోసం’ అన్న ముద్రతో బజారులోకి వస్తున్న చిన్న కెమెరాల్లో దేన్ని తీసుకున్నా ముందు కొట్టొచ్చినట్టు కనపడేది దాని తెర. పక్కకు తెరుచుకుంటుంది, లేదా పైకి లేస్తుంది. పట్టుకున్నవాళ్ల ముఖం వాళ్లకే చూపిస్తుంది. సోనీ 2022లో తెచ్చిన జడ్‌వీ-1ఎఫ్‌కు ఉన్నది 20 ఎంఎం వెడల్పు లెన్సు, ఆప్టికల్ జూమ్ లేదు. చెయ్యి చాచి పట్టుకుంటే ముఖమూ వెనకున్న వీధీ ఒకే ఫ్రేములో ఇముడుతాయి. మరుసటి ఏడాది వచ్చిన కెనాన్ పవర్‌షాట్ వి10 లెన్సు 19 ఎంఎం. బల్ల మీద నిలబెట్టి ఎదురుగా కూర్చుని మాట్లాడుకోవడానికి స్టాండు కూడా ఒంటికే అతికించి ఇచ్చారు. ఈ రెండింటినీ గీసిన ఇంజినీర్ల మనసులో ఉన్న కంటెంట్ ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు: కెమెరా పట్టుకున్న మనిషి, ఆ మనిషి కబుర్లు. నగరాల్లో అది సరిపోతుందేమో. అమరాపురం నుంచి ధర్మవరం దాకా ఉన్న మన శ్రీసత్యసాయి జిల్లాలో రోజూ వీడియోలు తీసి పెట్టేవాళ్ల అవసరం మాత్రం వేరు.

ఇక్కడ జనం చూడటానికి, కొనడానికి వచ్చేది వస్తువును. అమరాపురం చుట్టూ వక్క తోటలు, మల్బరీ చేలు, చంద్రికల మీద పట్టుగూళ్లు. అదే మండలంలో హేమావతి, అక్కడ నొలంబుల కాలపు నల్లరాతి స్తంభాలు. హిందూపురంలో పట్టుగూళ్ల మార్కెట్టు, పెనుకొండలో కోట, ధర్మవరంలో మగ్గం మీది చీర, దాని పక్కనే నిమ్మలకుంటలో తోలుబొమ్మ. వీటి గురించి మాట్లాడే మనిషి ఫ్రేములో ఓ మూల ఉంటే చాలు. చీర ఎరుపు ఎరుపుగానే కనపడాలి, జరీ బంగారంలా మెరవాలి, స్తంభం మీది గోరంత శిల్పం దగ్గరగా రావాలి. అందుకని చవకలో కెమెరా కొనాలనుకునే మనవాళ్లు పెట్టెమీది మెగాపిక్సెళ్లను పక్కనబెట్టి రెండే ప్రశ్నలు అడగాలంటాను. రంగునూ వెలుతురునూ ఒకచోట బిగిస్తే ఈ కెమెరా మాట వింటుందా? వస్తువు దగ్గరికి లెన్సుతో వెళ్లగలుగుతుందా? ఈ గీటురాయి మీద అతి చవక కెమెరాలూ తేలిపోతాయి, ‘క్రియేటర్’ కెమెరాలూ కొంత తేలిపోతాయి. అయితే ఇవి తప్పేచోటు వేరు, అవి తప్పేచోటు వేరు.

ముందు చవక వాటి సంగతి. చిన్న డిజిటల్ కెమెరాలకు ఈమధ్య మళ్లీ కాలం కలిసొచ్చింది. జపాన్ కెమెరా తయారీదారుల సంఘం సిపా లెక్కల ప్రకారం లెన్సు ఒంటికే బిగించి ఉన్న కెమెరాలు 2010లో పది కోట్లకు పైగా ఫ్యాక్టరీలు దాటాయి. ఫోన్ దెబ్బకు 2023 నాటికి అవి 17 లక్షల చిల్లరకు పడిపోయి, 2024లో కాస్త పైకి లేచాయి. ఆ లేవడంలో పాత ఫొటోల అందం మీద మోజుపడ్డ కుర్రకారు వాటా పెద్దది. ఈ మోజులో బాగా గట్టెక్కింది కొడాక్ పిక్స్‌ప్రో వరస. పేరు కొడాక్‌దే గానీ తయారుచేసేది ఆ పేరును లైసెన్సు తీసుకున్న జేకే ఇమేజింగ్. అసలు కొడాక్ 2012లోనే దివాలా పిటిషన్ వేసి కెమెరాలు చేయడం మానుకుంది. పిక్స్‌ప్రోలో రెండు పెన్సిల్ సెల్లులతో నడిచే ఎఫ్‌జడ్45 గానీ, ఐదు రెట్ల జూమ్ ఉన్న ఎఫ్‌జడ్55 గానీ 16 మెగాపిక్సెళ్లవి. లోపలి సెన్సర్ సుమారు 6 మిల్లీమీటర్ల వెడల్పు, నాలుగున్నర మిల్లీమీటర్ల ఎత్తు. పదిహేను, ఇరవై వేల ఫోన్లో ఉండే సెన్సరూ ఇంచుమించు అంతే, కొన్నిట్లో కాస్త పెద్దదే. పైగా ఫోన్ లెన్సు ఎఫ్1.8 దగ్గర తెరుచుకుంటే ఈ కెమెరాలది ఎఫ్3, ఎఫ్4 దగ్గర మొదలై, జూమ్ చివరికి వెళ్లేసరికి ఇంకా ఇరుకవుతుంది. అంటే మసక వెలుతురులో ఫోన్‌కు నాలుగో వంతు వెలుగు కూడా అందకపోవచ్చు. కాబట్టి ‘ఫోన్ కన్నా బాగా వస్తుంది’ అని చెప్పి వీటిని అమ్మేవాళ్ల మాట నమ్మనక్కర్లేదు. ఎండలో జూమ్, పెళ్లింట్లో ఫ్లాష్, ఫోన్ తీయాల్సిన పని లేకపోవడం: వీటి బలం అంతవరకే.

మరి ఫోనే మేలైతే వేరే కెమెరా ఊసెందుకు? జవాబు ధర్మవరం చీరలో ఉంది. పడుగు ఒక రంగు, పేక ఇంకో రంగు వేసి నేసే డబుల్ షేడ్ చీరను తీసుకోండి. ఒళ్లు ఆకుపచ్చగా ఉండి, మడత తిప్పితే నీలం తొంగిచూస్తుంది. అంచూ కొంగూ ముదురు ఎరుపు. అమ్మే మనిషి ముందు ఒళ్లంతా చూపించి, తర్వాత కొంగు విప్పి లెన్సు ముందుకు తెస్తారు. అంతవరకు ఫ్రేములో తెల్లగోడ కొంత, మనిషి కొంత ఉండేవి. ఇప్పుడు నిండా ఎరుపే. ఆటోమేటిక్ వైట్ బ్యాలెన్స్ అనేది గదిలో వెలుగు ఏ రంగుదో ఊహించే లెక్క మాత్రమే. ఫ్రేమంతా ఎర్రబడగానే అది వెలుగే ఎర్రగా ఉందనుకుని ఎరుపును కోసేసి నీలం కలుపుతుంది. కుంకుమ రంగు కొంగు చూస్తుండగానే ఇటుక రంగులోకి దిగుతుంది. అదే క్షణాన జరీ మీద లైటు పడి తళుక్కుమంటే, వెలుతురు ఎక్కువైందని కెమెరా చిత్రాన్ని మొత్తం చీకటి చేస్తుంది, ఆకుపచ్చ కాస్తా నలుపవుతుంది. పది సెకన్ల వీడియోలో ఒకే చీర మూడు చీరలు. హైదరాబాదులోనో డల్లాస్‌లోనో డబ్బు కట్టినవాళ్లు పార్శిల్ విప్పి ‘మేం చూసింది ఇది కాదు’ అంటే తప్పు నేతగానిదీ కాదు, అమ్మినవాళ్లదీ కాదు. మందు ఒక తెల్ల కాగితం. దాన్ని చీర ఉన్న చోటే, అదే లైటు కింద పెట్టి కెమెరాకు చూపించి ‘ఇదే తెలుపు’ అని బిగించడం, ఎక్స్‌పోజరునూ అలాగే బిగించడం. ఇక ఫ్రేములోకి ఏ రంగు వచ్చినా కెమెరా తన తెలివి చూపించదు. మన సరుకుకు కావాల్సింది ఆ విధేయతే.

ఇదే దారిలో ఇంకో చిక్కు. మన కరెంటు 50 హెర్ట్జ్‌ది. పాత ట్యూబులైటు సెకనుకు వందసార్లు ఆరి వెలుగుతుంది, నాసిరకం ఎల్‌ఈడీ బల్బులూ అంతే. కంటికి తెలియదు గానీ, షట్టరు 1/60 మీద నడిచే వీడియోలో నల్లచారలు చీర మీద మెట్లలా పాకుతుంటాయి. షట్టరును 1/50కో 1/100కో పెట్టి, వీడియోను సెకనుకు 25 ఫ్రేములకు మారిస్తే మాయమవుతాయి. అతి చవక కెమెరాల్లో చాలావాటికి వీడియోలో షట్టరు మన చేతికి రాదు. నా దృష్టిలో వాటిని వద్దనడానికి సెన్సరు కన్నా ఇదే పెద్ద కారణం.

‘ఇదంతా ఫోన్లో ప్రో మోడ్‌లోనూ ఉందిగా’ అన్న అభ్యంతరం సహజం, సగం న్యాయం కూడా. అయితే మధ్యతరగతి ఫోన్లలో ఆ ప్రో మోడ్ తరచూ ఫొటోలకే ఆగిపోతుంది, వీడియో దగ్గరికొచ్చేసరికి మళ్లీ ఆటో రాజ్యమే. వీడియోలోనూ బిగించనిచ్చే ఫోన్ చేతిలో ఉంటే, లేదా అందుకు పనికొచ్చే యాప్ దొరికితే, కెమెరా ఆలోచన నిశ్చింతగా వాయిదా వేసుకోవచ్చు. మిగిలే ఇబ్బంది పనిలో వచ్చేది. దుకాణంలో అదే ఫోన్ గల్లాపెట్టె, అదే ఆర్డర్ల పుస్తకం. కొంగు చూపిస్తుండగా కాల్ వస్తుంది, డబ్బు పడ్డ చప్పుడు వీడియోలోకి ఎక్కుతుంది, మధ్యాహ్నానికి ఒళ్లు కాలి తెర మసకబారుతుంది. ఇక లైవ్ పెట్టి చీరలు అమ్మేవాళ్లకు నా సలహా కెమెరా కొనొద్దనే. యూఎస్‌బీ తీగతో కంప్యూటరుకు కలిపి లైవ్ ఇవ్వగల చిన్న కెమెరాలు లేకపోలేదు, జడ్‌వీ-1ఎఫ్ అలాంటిదే. కానీ వ్యాఖ్యలు చదువుతూ, ధర చెబుతూ, బుకింగ్ రాసుకుంటూ సాగే బేరానికి ఫోనే వాలు.

‘చూసేవాళ్లదీ ఫోనే, వాట్సాప్ వీడియోను ఎలాగూ నలిపి చిన్నది చేస్తుంది, ఇంత శ్రమ దేనికి?’ అన్నది రెండో అభ్యంతరం. నలిగేది వివరం. నేత పోగులు కలిసిపోతాయి, బుటా అంచులు మెత్తబడతాయి. ఇటుక రంగులోకి దిగిన ఎరుపు ఆ నలుగుడుకు ముందూ ఇటుకే, తర్వాతా ఇటుకే. కొనేవాళ్లు చీర వెనక్కి పంపేది పోగులు లెక్కపెట్టి కాదు, రంగు చూసి. అందుకే 4కే అన్న మాట మీద ఎక్కువ డబ్బు పోయనక్కర్లేదు. ఫుల్ హెచ్‌డీ చాలు, రంగు నిలబడితే.

బిగింపు విలువ నిమ్మలకుంటలో ఇంకా తేటగా తెలుస్తుంది. మేక తోలును పలచగా, వెలుగు దూరేలా చేసి రంగులద్దిన బొమ్మ అందమంతా వెనకనుంచి వచ్చే దీపంలో ఉంది. అక్కడి తోలుబొమ్మ కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చాక ఆ ఊరికి కెమెరాలతో వెళ్లేవాళ్లు తక్కువేం కాదు. ఆటోలో వదిలేస్తే కెమెరా వెలిగే తెరను చూసి బెదిరి మిగతాదంతా చీకటి చేస్తుంది, లేదా చీకటిని చూసి జాలిపడి బొమ్మ రంగుల్ని తెల్లగా కాల్చేస్తుంది. బొమ్మ కదిలినప్పుడల్లా ఈ ఊగిసలాట. వెలుతురును బొమ్మ మీద కొలిచి బిగిస్తే చాలు, ఎరుపూ ఆకుపచ్చా గాజుముక్కల్లా నిలబడతాయి. హేమావతి స్తంభాల దగ్గర అవసరం మారుతుంది. నునుపైన నల్లరాయి మీది సన్నని చెక్కడం పక్కనుంచి పడే వెలుగులోనే లేచి కనపడుతుంది, ఎదురు ఫ్లాష్ కొడితే చదునైపోతుంది. లేపాక్షి వీరభద్రాలయంలో చిత్రాలున్నది పైకప్పు మీద. అక్కడ 20 ఎంఎం లెన్సు మండపమంతా చూపిస్తుంది గానీ బొమ్మ చేతివేళ్లు చూపించలేదు. చవక కెమెరా ఐదు రెట్ల జూమ్ వేళ్ల దాకా వెళ్తుంది గానీ ఆ మసకలో చిత్రం గరుకెక్కిపోతుంది. జూమూ పెద్ద సెన్సరూ కలిసి ఉన్నదే అక్కడ పనిచేస్తుంది.

ఫోన్ నిక్కచ్చిగా గెలిచే చోటూ ఉంది, అది అమరాపురం వక్క తోటే. చెట్ల కింద చిక్కటి నీడ, మధ్యమధ్య సూటిగా దిగే ఎండ మచ్చలు. ఒకే క్షణంలో ఎన్నో ఫొటోలు తీసి కలిపేసే ఫోన్ ఆ రెంటినీ సర్దుకుంటుంది. చిన్న కెమెరా మాత్రం ఎండనో నీడనో వదులుకుంటుంది. అదే రైతు వక్క ఉడకబెట్టి కళ్లంలో ఆరబోసి, సరిహద్దు అవతల శిరాలోనో తుమకూరులోనో ఉన్న వ్యాపారికి ఎరుపు చూపించాలంటే మళ్లీ తెల్ల కాగితం దగ్గరికి రావాల్సిందే. గాలికి బొంగురుపోయే మాటల కోసం మైకు పెట్టుకునే రంధ్రం ఉందో లేదో కూడా చూసుకోవాలి. తోట పాఠాల్లో చిత్రం కన్నా మాటే ముఖ్యం.

ఇక డబ్బు. ఆ పెద్ద సెన్సరు అంటే అంగుళం సెన్సర్. అది, పేరుకు తగ్గ అంగుళం కాకపోయినా, 13 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది. వైశాల్యంలో చవక కెమెరా సెన్సరుకు నాలుగు రెట్లు. కొత్తదైతే దానికి యాభై వేల చుట్టుపక్కల పెట్టాలి, చిన్న దుకాణానికి అది అప్పు చేసే మాటే. సెకండ్ హ్యాండ్‌లో అయితే దారుంది. అంగుళం సెన్సరును జేబులోకి తెచ్చిన సోనీ ఆర్‌ఎక్స్100 వచ్చింది 2012లో. జూమ్ ఉంది, బిగింపులన్నీ ఉన్నాయి, మైకు రంధ్రం మాత్రం లేదు. చీరలకు మాట వేరే రికార్డు చేసుకుంటే సరిపోతుంది. బడ్జెట్ పదిహేను వేల లోపే అయితే నా ఓటు కెమెరాకు కాదు. మంచి ఎల్‌ఈడీ లైట్లు రెండు, ఒక ట్రైపాడ్, చొక్కాకు తగిలించే మైకు. ఉన్న ఫోనే ఇంకో ఫోన్‌లా మారుతుంది.

కొనాలనే నిర్ణయించుకున్నవాళ్లు హిందూపురంలో చూసినా, వంద కిలోమీటర్ల దూరంలోని బెంగళూరు వెళ్లినా సంచిలో ముదురు ఎరుపు చీర ఒకటి, తెల్ల కాగితం ఒకటి వేసుకుని వెళ్లాలి. అంగట్లో లైటు కింద కాగితంతో రంగు బిగించి, కెమెరాను గోడ మీదనుంచి చీర మీదికీ, చీర మీదనుంచి గోడ మీదికీ మెల్లగా తిప్పి, తీసింది అక్కడి టీవీలో వేసి చూడాలి. పాత కెమెరా అయితే పదిసార్లు ఆన్ చేసి ఆఫ్ చేసి, లెన్సు బయటికొచ్చేటప్పుడు గరగరమంటుందేమో చెవిపెట్టి వినాలి. మన దుమ్ముకు ముందు చెడేది ఆ మోటారే, దాని రిపేరు ఖర్చు కొన్న ధరకు దగ్గరగా పోతుంది. ఇంత పరీక్షకు ఒప్పుకోని అంగడి నుంచి చీర మడతపెట్టుకుని పక్క అంగడికి పోవడమే.