ఫండస్ కెమెరా: ఒకే చిత్రంలో రెండు వ్యాధుల జాడ

కాంతిని గ్రహించే రెటీనా పొరను, దానిమీది రక్తనాళాలను, దృక్‌నాడి మొదలయ్యే చోటును కలిపి ఒకే ఛాయాచిత్రంగా తీసే యంత్రం ఫండస్ కెమెరా. మధుమేహం ఉన్నవారి కంటి పరీక్షలో దీనికి అప్పగించిన పని డయాబెటిక్ రెటినోపతీని, అంటే రక్తంలో చక్కెర పెరిగి రెటీనా రక్తనాళాలు దెబ్బతినే స్థితిని, పసిగట్టడమే అయినా, జనం నీటికాసులు అని పిలిచే గ్లకోమా ఆనవాళ్లు కూడా ఆ చిత్రంలోనే కనిపించవచ్చు.

1851లో జర్మన్ శాస్త్రవేత్త హెర్మన్ హెల్మ్‌హోల్ట్స్ ఆఫ్తాల్మోస్కోప్‌ను లోకానికి పరిచయం చేసేదాకా, బతికున్న మనిషి కంటి లోపలి భాగాన్ని స్పష్టంగా చూడడం వైద్యులకు సాధ్యం కాలేదు. ఆ పరికరంతో గ్లకోమా రోగులను పరీక్షించిన నేత్రవైద్యులు ఎడ్వర్డ్ యేగర్, ఆల్‌బ్రెక్ట్ ఫాన్ గ్రేఫె 1854 ప్రాంతంలో దృక్‌నాడి శీర్షం ఉబ్బి ఉందని భావించారు. అది ఉబ్బు కాదు, గుంట అని గ్రేఫె ఆ తర్వాత సరిదిద్దుకున్నాడు. 1886లో ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో జాక్‌మన్, వెబ్‌స్టర్ అనే ఇద్దరు కెమెరాను రోగి తలకే బిగించి, రెండున్నర నిమిషాలపాటు కాంతిని ప్రసరింపజేసి కంటి లోపలి ఛాయాచిత్రం తీశారు. స్వీడన్ వైద్యుడు నార్డెన్‌సన్‌తో కలిసి జైస్ సంస్థ 1926లో ఇటువంటి కెమెరాను మార్కెట్లోకి తెచ్చింది. 1950లలో ఎలక్ట్రానిక్ ఫ్లాష్ రాగా, ఆ తర్వాత కనుపాపను విప్పార్చే చుక్కల మందు వేయకుండానే ఫొటో తీసే కెమెరాలు వచ్చాయి: చీకటి గదిలో కనుపాప దానంతటదే విప్పారుతుంది, గురి చూసుకోవడానికి వాడే పరారుణ కాంతికి అది ముడుచుకోదు, ఫ్లాష్ వెలిగి కనుపాప ముడుచుకునేలోగా చిత్రం నమోదైపోతుంది.

ఇంగ్లండులో 2003లో మొదలైన జాతీయ పరీక్షా కార్యక్రమం ఒక్కో కంటికి రెండు చిత్రాలు తీయాలని నిర్దేశించింది. ఒకటి సూక్ష్మదృష్టికి ఆధారమైన మాక్యులా కేంద్రంగా, రెండోది దృక్‌నాడి శీర్షమైన ఆప్టిక్ డిస్క్ కేంద్రంగా. ఒకటిన్నర మిల్లీమీటర్ల వెడల్పుండే ఈ డిస్క్ గుండా సుమారు పది లక్షల నాడీతంతువులు మెదడు వైపు సాగుతాయి. దాని మధ్యనుండే గుంటను కప్ అనీ, చుట్టూ తంతువులతో నిండిన అంచును రిమ్ అనీ వ్యవహరిస్తారు. గ్లకోమాలో తంతువులు నశించే కొద్దీ రిమ్ పలచబడి కప్ పెద్దదవుతుంది. కప్ నిలువు కొలత డిస్క్ కొలతలో 0.7 వంతుకు మించినా, రెండు కళ్ల మధ్య ఆ నిష్పత్తిలో 0.2 తేడా ఉన్నా గ్లకోమాను అనుమానించాలి. డిస్క్ అంచున సన్నని పుల్లలా కనిపించే రక్తపు చారను మధుమేహపు రక్తస్రావాల లెక్కలో కలిపేస్తే గ్లకోమా సూచన చేజారిపోతుంది.

1996–2000 మధ్య ఎల్.వి. ప్రసాద్ కంటి వైద్య సంస్థ జరిపిన అధ్యయనంలో, హైదరాబాదులో ఓపెన్ యాంగిల్ గ్లకోమా (కంటిలోని ద్రవం బయటికి పోయే కోణం తెరిచే ఉండే రకం) ఉన్నట్టు తేలినవారిలో 90 శాతానికి పైగా తమకు ఆ వ్యాధి ఉందని అంతకుముందు తెలియనివారే. నొప్పి లేకుండా పక్కచూపును హరించే ఈ వ్యాధి కంటిపీడనం మామూలుగా ఉన్నవారిలోనూ రావచ్చు కనుక, పీడనం ఒక్కటే కొలిచి ఊరుకుంటే చాలదు.

అయితే ఫొటోకు లోతు ఉండదు. పుట్టుకతో డిస్క్ పెద్దదైనవారికి కప్ కూడా పెద్దదిగానే ఉంటుంది. కంటిలోని ద్రవం బయటికి పోయే కోణం మూసుకుపోతే అది ఈ చిత్రంలో కనిపించదు. అందువల్ల ఫొటో ఇచ్చేది అనుమానమే. పీడనం, కోణం, దృష్టిక్షేత్రం పరీక్షించాకే నిర్ధారణ. ఫొటోను తానే చదివి రెటినోపతీని తేల్చే స్వయంచాలక వ్యవస్థకు 2018లో అమెరికా అనుమతి లభించింది. అటువంటి యంత్రం “రెటినోపతీ లేదు” అన్నంత మాత్రాన కన్ను ఆరోగ్యంగా ఉందని అర్థం కాదు. నశించిన తంతువులు తిరిగి రావు, కానీ పీడనం తగ్గించే మందులతో మిగిలినవాటిని చాలావరకు కాపాడవచ్చు; కాబట్టి మధుమేహ కంటి పరీక్ష నివేదికలో డిస్క్ గురించి ఒక వరుస తప్పనిసరిగా ఉండాలి, అనుమానం ఉన్నవారిని నేత్రవైద్యుని వద్దకు పంపే ఏర్పాటూ దానికి జోడై ఉండాలి.