గాదె తలుపు మూయు చిన్న ఆర్.ఎన్.ఏ.

జన్యువునందలి విషయమును ఆర్.ఎన్.ఏ. ప్రతి వ్రాసికొని పోగా, దానినిబట్టి కణము మాంసకృత్తులను తయారుచేయునని చదువుకొన్నాము. కాని మానవుని జన్యుద్రవ్యములో మాంసకృత్తులకు నమూనాయగు భాగము నూటికి రెండు పాళ్లయినను లేదు. తక్కినదానిని కొందరు శాస్త్రజ్ఞులు చెత్తయని పిలిచిరి. అది తొందరపాటు మాట.

ఆర్.ఎన్.ఏ.లలో కొన్ని మాంసకృత్తుల నేమియు తయారుచేయవు. వానిలో మిక్కిలి చిన్నవి సుమారు 22 అక్షరముల పొడవుండును, ఇతర ఆర్.ఎన్.ఏ.లకు అంటుకొని వాని పనిని అణచివేయును. 1993లో ఒక మిల్లీమీటరు పొడవుగల పురుగులో వీని జాడను వెల్లడించిన విక్టర్ ఆంబ్రోస్, గారీ రవ్కున్ గార్లకు 2024లో నోబెల్ బహుమానము లభించినది.

మన భోజనముతో సంబంధముగల చిన్న ఆర్.ఎన్.ఏ.లలో మిర్-33 ఒకటి. దాని ఉనికి విచిత్రమైనది. కొలెస్టరాల్ తయారీని పెంచు జన్యువు కడుపులోనే అది దాగియున్నది. కణములో కొలెస్టరాల్ తగ్గినపుడు ఆ జన్యువు మేల్కొనును. వెంటనే మిర్-33యు పుట్టును. ఒకటి సరకును తయారుచేయించును. రెండవది సరకు బయటికి పోకుండ తలుపు మూయును. ఆ తలుపు ఏ.బి.సి.ఏ.1 అను మాంసకృత్తు. మంచి కొలెస్టరాల్ అని మనమనుకొను హెచ్.డి.ఎల్. ఏర్పడుటకు అదియే ఆధారము. ధాన్యము తరిగినపుడు గృహస్థుడు గాదె తలుపు బిగించుటవంటిదే ఇది. కరవుకాలమున మేలైన ఏర్పాటే!

మనుష్యులలో ఈ మిర్-33కు ఒక తోబుట్టువు కూడ కలదు, ఎలుకలలో లేదు. కొవ్వును తయారుచేయించు మరియొక జన్యువులో అది ఉన్నది. ఆ జన్యువును ఇన్సులిన్ ప్రేరేపించును. అన్నము, చక్కెర మితిమీరినపుడు ఇన్సులిన్ పెరుగునుగదా! రక్తములో ట్రైగ్లిసరైడులు హెచ్చి, హెచ్.డి.ఎల్. తగ్గుట మధుమేహరోగులలో తరచుగా కానవచ్చును. ఈ రెండును జంటగా వచ్చుటకు ఈ తోబుట్టువు కొంత కారణము కావచ్చునని శాస్త్రజ్ఞుల ఊహ.

అట్లయిన వీనిని అరికట్టరాదా? 2011లో కోతులపై ప్రయత్నింపగా హెచ్.డి.ఎల్. పెరిగినది, ట్రైగ్లిసరైడులు తగ్గినవి. ఆశలు మిన్నంటినవి. ఇంతలో, పుట్టుకనుండి మిర్-33 లేని ఎలుకలకు కొవ్వు మెండుగాగల మేత పెట్టి చూచిరి. అవి లావెక్కినవి; కాలేయమున కొవ్వు పేరుకొన్నది. ఒక్క చిన్న ఆర్.ఎన్.ఏ. అనేక జన్యువులపై పెత్తనము చేయును. కాలేయమున మేలు చేయు మార్పు వేరొక అవయవమున కీడు కావచ్చును. కాలేయమునుండి మాత్రమే మిర్-33ను తొలగించిన ఎలుకలు అట్లు లావెక్కలేదని 2021లో తేలినది. కనుక ఔషధము కాలేయమును మాత్రమే చేరి ఆగునట్లు చేయుట ఎట్లన్నదే ఇపుడు పరిశోధకుల ముందున్న సమస్య.