సొంత కారుకు ఆస్తి పన్ను మినహాయింపు: వర్జీనియా లెక్క తేలని కథ

తెలుగు రాష్ట్రాల్లో కారు కొనేవారు రిజిస్ట్రేషన్ సమయంలోనే జీవితకాల పన్ను చెల్లిస్తారు. ఆస్తి పన్ను ఇళ్లకు, స్థలాలకే పరిమితం. మన రాజ్యాంగంలోని రాష్ట్ర జాబితా కూడా భూములు, భవనాల పన్నును 49వ అంశంగా, వాహనాల పన్నును 57వ అంశంగా విడివిడిగా పేర్కొంది. అందుకే ఉద్యోగరీత్యా అమెరికాలోని వర్జీనియా రాష్ట్రానికి వెళ్లి ఫెయిర్‌ఫాక్స్, లౌడన్ కౌంటీలలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు, ఏటా కారు పేరిట వచ్చే ఆస్తి పన్ను బిల్లు మొదట్లో వింతగా తోస్తుంది. అద్దె ఇంట్లో ఉంటున్నా ఆ బిల్లు తప్పదు. కారు రుణం ఇంకా తీరకపోయినా, పన్ను మాత్రం కారు పూర్తి విలువ మీదే.

అక్కడ కారు చరాస్తి కింద లెక్క. దాని మార్కెట్ విలువపై నగరాలు, కౌంటీలు పన్ను విధిస్తాయి. ఆ రాబడి పాఠశాలలు, పోలీసు, అగ్నిమాపక సేవల వంటి స్థానిక అవసరాలకు ఉపయోగపడుతుంది. ఫెయిర్‌ఫాక్స్‌లో చాలా ఏళ్లపాటు ప్రతి 100 డాలర్ల విలువకు 4.57 డాలర్ల రేటు కొనసాగింది. ఆ లెక్కన 20,000 డాలర్ల కారుకు ఏడాదికి 914 డాలర్లు.

ఈ పన్నుపై ఉన్న అసంతృప్తి ఎంతటిదో 1997 గవర్నర్ ఎన్నిక చాటింది. కారు పన్ను రద్దు చేస్తానన్న ఒక్క నినాదాన్నే ప్రధానంగా ప్రచారం చేసి రిపబ్లికన్ అభ్యర్థి జిమ్ గిల్మోర్ గెలుపొందారు. అయితే రాజ్యాంగం మినహాయించిన ఆస్తులకు తప్ప మిగిలిన అన్నింటికీ పన్ను ఉండాలన్నది వర్జీనియా నియమం. దాంతో 1998 నాటి చట్టం పన్నును రద్దు చేయలేదు. యజమాని తరఫున రాష్ట్రమే కొంత భాగాన్ని స్థానిక సంస్థలకు చెల్లించే ఏర్పాటు చేసింది. సొంత అవసరాలకు వాడే వాహనాలకే, అదీ విలువలో మొదటి 20,000 డాలర్లకే ఈ ఉపశమనం వర్తిస్తుంది. ఏడాది ప్రయాణంలో సగానికి మించి వ్యాపారానికి తిరిగే వాహనం దీని పరిధిలోకి రాదు. వెయ్యి డాలర్లు, అంతకు తక్కువ విలువ చేసే వాహనాలకు పూర్తి ఉపశమనం ఉంది.

రాష్ట్రం భరించే వాటా 1998లో 12.5 శాతంతో మొదలై 2001 నాటికి 70 శాతానికి చేరింది. మరుసటి ఏడాది నూరు శాతం కావలసి ఉండగా ఆర్థిక మాంద్యం ముంచుకొచ్చింది, ఖజానా కుంచించుకుపోయింది, పథకం అక్కడే ఆగింది. 2004లో శాసనసభ మరో అడుగు వేసి, రాష్ట్రం ఇచ్చే మొత్తానికి ఏటా 95 కోట్ల డాలర్ల పరిమితి విధించింది. 2006 నుంచి ఇది అమలవుతోంది.

అసలు చిక్కంతా ఈ పరిమితిలోనే ఉంది. జనాభా పెరిగింది, కార్లు పెరిగాయి, వాటి ధరలూ పెరిగాయి. పంచవలసిన మొత్తం మాత్రం పెరగలేదు. తమ వంతు నిధిని బట్టి ఏటా ఎంత శాతం ఉపశమనం ఇవ్వాలో ప్రతి స్థానిక సంస్థా లెక్క వేసుకోవాలి. పై ఉదాహరణలో 70 శాతం ఉపశమనం ఉంటే యజమాని చెల్లించేది సుమారు 274 డాలర్లు. అది 50 శాతానికి తగ్గితే 457 డాలర్లు. రేటులో మార్పు లేకున్నా చేతి నుంచి పడేది పెరుగుతుంది. కరోనా అనంతరం 2022లో పాత కార్ల ధరలు ఎగబాకినప్పుడైతే, కారు ఏడాది పాతబడినా పన్ను పెరగడం జనాన్ని మరీ చికాకు పరిచింది. కొన్ని కౌంటీలు విలువలో కొంత భాగాన్నే లెక్కలోకి తీసుకుని భారం తగ్గించవలసి వచ్చింది.

పూర్తి మినహాయింపు దక్కినవారు లేకపోలేదు. సైనిక సేవలో నూటికి నూరు శాతం శాశ్వత వైకల్యానికి గురైన మాజీ సైనికుల ఒక వాహనానికి పన్ను ఉండరాదంటూ 2020 నవంబరులో ఓటర్లు రాజ్యాంగ సవరణను ఆమోదించారు. మరోవైపు రోడ్ ఐలాండ్ రాష్ట్రం 2017లో దశలవారీ రద్దును మొదలుపెట్టి, అనుకున్నదానికంటే ఏడాది ముందే 2022లో ముగించింది. అయితే అక్కడ పట్టణాలు కోల్పోయిన రాబడిని భర్తీ చేసే బాధ్యతను రాష్ట్రమే తలకెత్తుకుంది.

వర్జీనియాలోనూ పూర్తి రద్దు డిమాండ్ ఎన్నికలప్పుడల్లా వినిపిస్తూనే ఉంది. కౌంటీలు అడిగేది ఒక్కటే: ఆ సొమ్ము రాష్ట్ర ఖజానా ఇస్తుందా, లేక ఇళ్ల పన్ను పెంచి రాబట్టుకోవాలా అని. రెండోదే జరిగితే, కారు బిల్లు తప్పిన కుటుంబానికి ఇంటి బిల్లు బరువెక్కుతుంది. అద్దెకు ఉండేవారికి అది అద్దె రూపంలో చేరుతుంది.