కలుపుమందును ప్రాణవాయువును

గట్లమీది గడ్డిని, చేలలోని కలుపును మాడ్చు పారాక్వాట్ అను మందు మన రైతులకు క్రొత్తది కాదు. ఎండకాయుచుండగా చల్లినచో కొన్ని గంటలలోనే ఆకు వడలుట వారు చూచుచునే యున్నారు. అది యెట్లు చంపుచున్నదో తెలిసినవారు మాత్రము కొలదిమంది. ఆ సంగతి తెలిసినగాని మనుష్యదేహమున అదే మందు ఏల ఇంత ఘోరముగా పనిచేయునో బోధపడదు గనుక, కొంత విపులముగా వ్రాయదలచితిమి.

అణువులయందు ఎలక్ట్రానులు సామాన్యముగా జంటలై యుండును. జంట తప్పిన ఎలక్ట్రాను గల యణువును శాస్త్రజ్ఞులు ఫ్రీ రాడికల్ అందురు. అది ప్రక్కదానినుండి ఒక ఎలక్ట్రానును లాగికొని తాను కుదుటపడును. నష్టపోయినది మరియొకదానిపై బడును. 1900లో అమెరికాయందు మోజెస్ గోంబర్గ్ ఇట్టి పదార్థము నొకదానిని తయారుచేసి చూపెను. చాలకాలము ఇది గాజుపాత్రలలోని వింతగానే యెంచబడినది. 1969లో మెకార్డ్, ఫ్రిడోవిచ్ అను వారు సూపరాక్సైడు అను రాడికలును అణచు ఎంజైమును పశువుల రక్తకణములలో కనుగొనిరి. శత్రువు లేనిదే కావలి యేల? ఇవి ప్రాణుల దేహమున అనుక్షణము పుట్టుచున్నవని అప్పటినుండి రూఢి యయ్యెను.

జీవకణములోని మైటోకాండ్రియాలు ఆహారమునుండి తీసిన ఎలక్ట్రానులను అంచెలంచెలుగా ప్రాణవాయువునకు చేర్చును. త్రోవలో కొన్ని జారి ముందే ఆ వాయువు నంటుకొనగా సూపరాక్సైడు పుట్టును. దానినుండి హైడ్రోజన్ పెరాక్సైడు, దానికి ఇనుము తోడైనచో హైడ్రాక్సిల్ రాడికల్ కలుగును. ఈ కడపటిది తాకినదానినెల్ల చెరచును. కణపుపొరలోని క్రొవ్వు ఒకచోట చెడినచో ఆ చెడు వరుసగా ప్రాకును. నిలువయున్న నూనె చెడువాసన పట్టుటయు నిట్టి వ్యవహారమే. అయినను రాడికళ్లన్నియు శత్రువులని తలంపరాదు. క్రిములను చంపుటకు తెల్లరక్తకణములు వీనిని కావలెననియే పుట్టించును.

ఇక పారాక్వాట్ సంగతి. ఆకులో సూర్యకాంతిచే కదలిన ఎలక్ట్రానును ఇది అపహరించి వెంటనే ప్రాణవాయువున కిచ్చి, తాను యథారూపమును పొంది మరల అపహరణకు సిద్ధపడును. ఎన్ని మారులు తిరిగినను తానరుగదు. మన దేహమున ఎండ లేదు గాని ఎలక్ట్రానులకు కొదువ లేదు. ఊపిరితిత్తుల కణములు తమకు కావలసిన వేరొక పదార్థమని భ్రమించి దీనిని రక్తమునుండి లోనికి లాగికొనును. అచ్చట ప్రాణవాయువు సమృద్ధము! మూత్రపిండములు చెడును, ఊపిరితిత్తులు వాచి, పిదప నారకట్టి గట్టిపడును. ఆయాసపడు రోగికి ప్రాణవాయువు నిచ్చుట వైద్యుని మొదటి ధర్మము. ఇచ్చట అది మంటకు గాలి విసరుటయే. అందుచే తప్పనిసరియైనగాని ఇయ్యరు. విరుగుడు నేటికిని లేదు. రోగికి తరచుగా తెలివియు తప్పదు.

దక్షిణ కొరియా 2011లో దీని పరవానాను రద్దుచేసి, 2012లో అమ్మకమును మాన్పెను. రెండేండ్లలోనే పురుగుమందుల ఆత్మహత్యలు దాదాపు సగమునకు తగ్గెను. పంటల దిగుబడి తగ్గినట్లు కానరాలేదు. మన దేశమున కేరళము 2011లోనే దీనిని నిషేధించెను. ఈ మందు లేనిదే సేద్యము సాగదనువారు ఈ రెంటికిని సమాధానము చెప్పవలసియున్నది.

డబ్బాను కొనువారు భూస్వాములు. పిచికారీని వీపున మోయువాడు వేరొకడు. కారుచున్న పిచికారీని కూలివాని కిచ్చుట, మిగిలిన మందును సారాసీసాలోనో సోడాబుడ్డిలోనో పోసి చూరున పెట్టుట మనలో పెద్దలనిపించుకొన్నవారి యిండ్లయందును కలదు. గాయపడిన చర్మముగుండ కూడ ఈ విషము లోనికి పోగలదు. పొరపాటున త్రాగిన నాడు నోటిమంట, వాంతులు తప్ప వేరొక బాధ కానరాకపోవచ్చును. అది చూచి తెల్లవారనిమ్మని యూరకుందురు. ఆసుపత్రికి చేర్చుట కక్కరకువచ్చునవి ఆ మొదటి గంటలే.